ఇంటి మాటలు: బూజు పట్టిన గింజకు వెలుతురు మందగునా?



కార్తికమాసము వచ్చినదనిన మన గుమ్మముల యెదుట దీపముల వరుసతోపాటు వాకిళ్లయందు గింజల పఱపును గానవచ్చును. మక్కకంకులు ఒలిచి యెండబెట్టువారు కొందఱు, వానకారు వడ్లు తూర్పాఱబట్టువారు కొందఱు, నిరుటి జొన్నలు గుమ్మినుండి తీసి మరల నెండకు వేయువారు కొందఱు. ఈ కాలముననే మాకు వచ్చు ఉత్తరములలో బూజును గూర్చిన ప్రశ్నలు హెచ్చుగా నుండును. ఈ మాఱు ఒక సోదరి యిట్లు వ్రాసినది: "వెలుతురు యంత్రములతో గింజలకు పట్టిన బూజును పోగొట్టవచ్చునని పత్రికలలో చదివితిమి. అట్టి దీపము బజారున దొరకుచున్నది. దానిని కొని కొట్టుగదిలో వ్రేలాడదీసినచో మా మక్కలు బాగుపడునా?"

ఈ ప్రశ్నకు ప్రత్యుత్తర మిచ్చుటకు మాకు కొంత యధికారము కలదు. అది చదువువలన వచ్చినది కాదు. అట్టి దీపమునే కొని, డబ్బు పోగొట్టుకొని, ఇంటి పిల్లవాని కన్నులకు బాధ తెచ్చుటవలన వచ్చినది. కావున ముందుగా మా కథ చెప్పి, పిదప శాస్త్రజ్ఞులు చెప్పునది చెప్పి, చివర మన చేతిలోనున్న పనిని గూర్చి మనవి చేసెదము.

మేము కాపురముండు చెన్నూరు గోదావరి యొడ్డున నున్నది. తూర్పుదిక్కునకు బోవు నది యిచ్చట కొంతదూరము ఉత్తరవాహినియై పాఱుటచేత స్నానములకు దూరప్రాంతములవారు వత్తురు. పూర్వము ఆదిలాబాదు జిల్లాలోనిదైన మా యూరు 2016వ సంవత్సరమునుండి మంచిర్యాల జిల్లాలో నున్నది. ఇప్పటి పంటలు పత్తి, వరి, మక్క. మా అత్తగారి చిన్ననాట జొన్నయే ప్రధానము. అప్పుడు జొన్నలు పాతర వేసెడివారని ఆమె చెప్పుచుండును. మెఱకనేలలో మనిషిలోతు గొయ్యి త్రవ్వి, అడుగునను ప్రక్కలను చొప్ప పఱచి, జొన్నలు నింపి, పైన మన్ను మెత్తి మూసెడివారట. మరల తెఱచిన దినమున ఎవ్వరును వెంటనే లోనికి దిగరు. కొంతసేపు గాలి సోకనిచ్చి, త్రాటికి కట్టిన దీపమును మొదట దింపుదురు. దీపము వెలుగుచున్నచో మనిషి దిగును, ఆఱిపోయినచో దిగరాదు. గింజలును పురుగులును లోపలి ప్రాణవాయువును పీల్చివేయుటచేత అక్కడ ఊపిరియాడదు. ఆ గాలి లేమియే పొడిగింజను చాలవఱకు కాపాడును. తడిగింజను వేసిన పాతర మాత్రము కుళ్లిపోవును. ఆ దీపము గింజను బాగుచేయునది కాదు, ప్రమాదమును చూపునది. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు; ముందు పనికివచ్చును.

నిరుడు మక్కలు కోయు సమయమున ముసురు పట్టెను. కౌలుకిచ్చిన రెండెకరములనుండి మా వంతుగా మూడు బస్తాల మక్కలు వచ్చెను. వాకిట పోసి పైన పరదా కప్పితిమి. వాన వచ్చినప్పుడు కప్పుట, వెలిసినప్పుడు తీయుట, మరల కప్పుట, ఇట్లు ఆఱు దినములు గడచెను. పరదాక్రింద చేయి పెట్టిన ఆవిరివలె వేడి తగిలెడిది. ఏడవనాడు ముక్కువాసన వచ్చెను. పిడికెడు తీసి చూడగా గింజ ముచ్చికలయొద్ద పచ్చని పసుపువన్నె పొడి కనబడెను.

అంతకు కొన్నాళ్ల క్రిందట మా వారు బడినుండి తెచ్చిన పత్రికలో వెలుతురుతో బూజు పోగొట్టు పరిశోధనను గూర్చి మేమును చదివియుంటిమి. 2020లో కరోనా వచ్చినప్పుడు గదులను, కూరగాయలను శుద్ధి చేయుటకని అమ్మకమునకు వచ్చిన నీలిదీపము లింకను పట్టణమునందలి ఒక దుకాణములో నుండెను. "ఒక్క రాత్రి వెలిగించుడు, బూజు పేరుండదు" అని దుకాణదారుడు చెప్పెను. మేము నమ్మితిమి. కొట్టుగదిలో మక్కలు రాశిగా పోసి, పైన దీపము కట్టి, తలుపు చేరవేసి, రాత్రియంతయు వెలిగించితిమి. తలుపునకు గడియ వేయవలెనని తోచలేదు. మా చిన్నవాడు నడుమ లేచి, నీలివెలుగు వింతగా నున్నదని చాలసేపు దానివంక చూచుచు నిలుచుండెనట. తెల్లవాఱుసరికి వాని కన్నులు ఎఱ్ఱబడి, ఇసుక పడినట్లు మంటయెత్తి, వెలుతురు చూడలేక గోల పెట్టెను. వైద్యుడు చుక్కల మందిచ్చి, వెల్డింగు చేయువారు అద్దము లేక పనిచేసినప్పుడు వచ్చునట్టి కంటిమంటయే యిదియని చెప్పెను. రెండు దినములలో నయమయ్యెను. ఆ రెండు రాత్రులు మేము పడిన వేదన తల్లులకు చెప్పనక్కఱలేదు.

ఇక మక్కల మాట. పైపొర చూపునకు కొంత నయముగనే యుండెను. చేట తీసికొని రాశిని తిరుగవేసితిమి. లోపల మునుపటి పచ్చపొడియే యున్నది. దీపము వెలిగినన్నాళ్లును అది లోపల పెరుగుచునే యున్నది.

అప్పుడు మా వారిని కూర్చుండబెట్టి, వెలుతురు ఏమి చేయగలదో ఏమి చేయలేదో తెలిసికొంటిమి. అదంతయు మీకును చెప్పెదము.

ఎండకు వస్తువులను శుద్ధి చేయు శక్తి కలదని మన పెద్దలకు అనుభవముచేత తెలియును. పచ్చళ్ల జాడీని, పసిబిడ్డ పక్కబట్టలను మనము ఎండలోనే పెట్టుదుము. ఆ శక్తి యెక్కడిదని పరీక్షించి చూచిన కథ యిది. సూర్యకాంతిలో మన కన్నులకు గోచరించు ఏడురంగులేగాక, ఊదారంగునకు ఆవల కంటికి కనబడని కిరణములున్నవని 1801లో జర్మనీ దేశస్థుడగు రిట్టరు కనుగొనెను. వానినే అతినీలలోహిత కిరణములందుము. 1877లో డౌన్సు, బ్లంటు అను ఇద్దఱు ఆంగ్లేయులు, సూక్ష్మజీవులు పెరుగుటకు అనువగు ద్రవమును గాజుగొట్టములలో పోసి కొన్నిటిని ఎండలోను కొన్నిటిని చీకటిలోను ఉంచిరి. చీకటిలోనివి మురిగి మసకబాఱెను. ఎండలోనివి తేటగా నిలిచెను. డెన్మార్కు వైద్యుడు ఫిన్సెను చర్మక్షయకు వెలుతురుతో చికిత్స చేసి 1903లో నోబెల్ బహుమానము నందెను.

ఈ కిరణములయందు మూడు తెగలు కలవు. అన్నిటికంటె తీక్ష్ణమైన తెగ సూర్యునినుండి బయలుదేఱినను భూమిపైనున్న ఓజోను పొర దానిని అడ్డగించును. కావున మన వాకిటి యెండలో అది లేదు. దానినే పాదరసపు ఆవిరి దీపములలో మనుష్యులు పుట్టించుచున్నారు. ఆ కిరణము అలపొడవు 254 నానోమీటరులు. నానోమీటరనగా మీటరులో వందకోట్లవ వంతు. అది బూజు బీజముమీద పడినప్పుడు, వంశలక్షణములను మోయు డీఎన్ఏ పోగులోని ప్రక్కప్రక్క ముడులు ఒకదానితో నొకటి అతుకుకొనిపోవును. అట్టి బీజము మొలకెత్తలేదు. కిరణము సోకిన బీజము చచ్చుననుట నిజమే.

కాని ఆ "సోకిన" యన్నమాటలోనే రహస్యమంతయు నున్నది. ఈ కిరణము గింజ పైతోలును దాటి లోనికి బోదు. ఒక గింజ నీడలోనున్న మఱియొక గింజకు తగులదు. గోధుమగింజ నడిమి గాడిలోను, మక్కగింజ ముచ్చికవద్దను దాగిన బీజమునకు అది తెలియనే తెలియదు. నల్లబూజు బీజములకు మఱియొక రక్ష కూడ కలదు. వాని నల్లరంగే యెండకు గొడుగు పట్టినట్లు కిరణమును మ్రింగివైచును. రాశిగా పోసిన మూడు బస్తాల మక్కలపై ఒక దీపము కట్టుట, నిండుచెఱువునకు పైన దివ్వె చూపి అడుగున నున్న చేపలకు వెలుగిచ్చితిమనుట వంటిది.

అట్లయిన పత్రికలో వ్రాసినది అబద్ధమా? కాదు. పరిశోధనాలయములలో గింజను రాశిగా నుంచరు. పలుచగా ఒక్క వరుసగా జాఱవిడుచుచు, పల్లెమును కదలించుచు, ప్రతిగింజయు దొర్లి అన్ని ప్రక్కల వెలుతురు తగులునట్లు చేయుదురు. కొందఱు దీపమును క్షణమున అనేకమాఱులు మెఱపువలె కొట్టింతురు. కొందఱు కంటికి కానవచ్చు నీలికాంతితోనే పనిచేయుచున్నారు. వీనిలో మనకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించునది యొకటి కలదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండు విశ్వవిద్యాలయమువారు మన పసుపులోని పచ్చని సారమును, అనగా కర్క్యుమినును, బూజు బీజములకు తగిలించి పైన నీలికాంతిని ప్రసరింపజేసి, 2016లో ఆ ఫలితములను ప్రకటించిరి. ఆ కాంతిని పసుపుసారము పీల్చుకొని, చుట్టునున్న ప్రాణవాయువును ఉగ్రముగా మార్చి, ఆ వాయువుచేత బీజములను చంపించును. మా ప్రక్కనున్న జగిత్యాల, నిజామాబాదు సీమలలో పండు పసుపునకు ఇట్టి గుణమున్నదని విన్నప్పుడు మాకు గర్వమైనది. ఐనను సోదరీమణులారా, పసుపు కలిపి మక్కలను ఎండబెట్టిన విషము పోవునని ఎవ్వరును అర్థము చేసికొనవలదు. అది కొలతగల సారముతో, కొలతగల కాంతితో చేసిన పని. మన వంటింటి చిటిక కాదు.

అంతకంటె ముఖ్యమగు సంగతి మఱియొకటి కలదు. బూజు వేఱు, బూజు విడిచిన విషము వేఱు. బూజును చంపినను అది యంతకుమునుపే గింజలో విడిచిన విషము చావదు. పాము చచ్చినను కాటులోని విషము నిలిచినట్లు.

పచ్చపసుపు వన్నెగల ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. 1729లో ఇటలీ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు మికేలి యీ ప్రజాతికి ఆస్పర్జిల్లస్ అను పేరు పెట్టెను. అతడు మతగురువుకూడ. సూక్ష్మదర్శినిలో దాని తల, తమ దేవాలయమున మంత్రజలమును చల్లు పరికరమువలె కనబడెనట. మన పెండ్లిండ్లలోని పన్నీరుబుడ్డి తలను తలచుకొన్నచో ఆ యాకారము మనకును తెలియును. ఆ బుడ్డి చల్లునది పన్నీరు. ఇది చల్లునది విషబీజములు.

ఆ విషము 1960వఱకు ఎవ్వరికిని తెలియదు. ఆ యేడు ఇంగ్లాండున లక్ష టర్కీకోళ్లు కారణము తెలియకుండ చచ్చెను. వెదకగా వానికి పెట్టిన పల్లిపిండిలో ఈ బూజు దొరకెను. దాని విషమునకు అఫ్లాటాక్సిను అని పేరిడిరి. ఆ దినములలో దానిని పట్టియిచ్చినదియు వెలుతురే. అతినీలలోహిత దీపము క్రింద ఆ విషములలో కొన్ని నీలముగను కొన్ని ఆకుపచ్చగను మెఱసెను. ఆ రంగుల ఇంగ్లీషు పేర్ల మొదటి యక్షరములనుబట్టియే వానిని బి యనియు జి యనియు విభజించిరి. పాతరలోనికి దింపిన దీపమును మీరు జ్ఞాపకముంచుకొంటిరి గదా! ఇచ్చటను దీపము చేసిన మొదటి మేలు ప్రమాదమును చూపుటయే. ఇప్పటికిని కొన్నిచోట్ల మక్కలను అట్టి నల్లదీపముక్రింద పఱచి, పసరుపచ్చగా మెఱయు తునకలున్నచో ఆ సరకును రసాయనపరీక్షకు పంపుదురు. ఆ మెఱపు విషముది కాదు. ఆ బూజే పుట్టించు మఱియొక పదార్థముది. కావున అది అనుమానమును కలిగించును గాని తీర్పు చెప్పదు.

మన దేశమున నీ విషము మనుష్యులనే కబళించిన దుర్దినము లున్నవి. 1974వ సంవత్సరము చివరి నెలలలో గుజరాతు, రాజస్థానముల సరిహద్దు పల్లెలలో కామెరల వ్యాధి ప్రబలెను. కడుపులో నీరు చేరి జనులు మరణింపసాగిరి. మన హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు పోయి పరీక్షించిరి. ఆ యేడు కోతలవేళ అకాలవర్షము పడెను. తడిసిన మక్కలను సరిగా నెండబెట్టక నిలువచేసి, అవియే దినదినమును తినిన బీదకుటుంబములవారు 397 మంది వ్యాధి పాలైరి. అందు 106 మంది చనిపోయిరి. వారి యిండ్ల కుక్కలును అట్లే చచ్చెను. ఆ పల్లెలవారికి బూజు తెలియక కాదు. తినుటకు వేఱు గింజ లేకుండెను. 1995లో మన దక్కను పీఠభూమి పల్లెలలోనే, వానకు తడిసి బూజు పట్టిన జొన్నల, మక్కల రొట్టెలు తినినవారికి కడుపునొప్పియు విరేచనములును కలిగెను. అది వేఱొక బూజు, వేఱొక విషము, ఫ్యుమోనిసిను అందురు. ప్రాణాపాయము లేకపోయినను కారణము మాత్రము అదే, తడిసిన గింజ.

వేయించిననో, ఉడికించిననో పోదా యని మీరడుగవచ్చును. అఫ్లాటాక్సిను మన వంటయింటి మంటకు పూర్తిగా నశించునది కాదు. గటక ఎంతసేపు ఉడికినను, రొట్టె యెంత కాలినను అందులో అది నిలిచియుండును. అది కాలేయమునకు శత్రువు. ఏండ్లతరబడి కొంచెముకొంచెముగా లోనికి పోయినచో కాలేయమున క్యాన్సరు కలిగింపగలదు. మన దేశపు ఆహారభద్రతా సంస్థవారు ధాన్యములలో కిలోకు 15 మైక్రోగ్రాములకు మించి యుండరాదని నియమించిరి. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. అంత యల్పమును మన నాలుక కనిపెట్టలేదు.

ఇక ఎండ యీ విషమును తొలగింపలేదా? తేటగానున్న పల్లినూనెను గాజుసీసాలో ఎండకు పెట్టినచో అందులోని విషము తగ్గునని మైసూరునందలి కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమువారు చూపిరి. నూనెలో వెలుతురు ఆవలిదాక పోవును. గింజలో పోదు. కావున నూనెకు చెల్లిన న్యాయము గింజకు చెల్లదు.

ఇన్ని తెలిసిన పిమ్మట మా కొట్టుగదిలో మూడు బస్తాల మక్కలు అట్లే యున్నవి. వానిని ఏమి చేయవలెను? మా అత్తగారు మంచి యిల్లాలు. ఒక్క గింజ క్రిందపడిన ఏరి కన్నుల కద్దుకొను మనిషి. "మనం తినకుంటె బఱ్ఱెకు పెడుదాం. లేకుంటె బోళ్లు తోమే ఆమెకు ఇద్దాం. కడుక్కొని తింటది" అని ఆమె యనెను. ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. ఏలయన అంతకుముందటి యేడు మేము చేసిన పనియు నదియే.

ఆ యేడు బస్తా యడుగున ముక్కిన మక్కలు కుంచెడు మిగులగా, పాఱవేయుటకు మనసొప్పక, మా యింట బోళ్లు తోము ఆమె కొంగులో పోసితిమి. దానము చేసితిమని మనసున తృప్తియు పడితిమి. నాలుగు దినముల తరువాత ఆమె పనిచేయుచునే, "అమ్మా, గా మక్కల గటక చేదున్నది. పిల్లలు తింటలేరు. నేనే తింటున్న" అని చెప్పినది. మేము విని యూరకుంటిమి. అదృష్టవశమున ఆమెకు ఏమియు కాలేదు. కాని 1974 నాటి సంగతి మా వారు చదివి వినిపించిన దినమున ఆ మాట మా చెవిలో మరల వినబడెను. అన్నము పరబ్రహ్మస్వరూపమని చిన్ననాటినుండి వల్లించినవారమే. మా పళ్లెమునకు తగని గింజ పరుల పళ్లెమునకు తగునని ఎట్లు తలచితిమి?

మఱునాడు ఆమెను పిలిచి కూర్చుండబెట్టి ఆ సంగతి యంతయు చెప్పి, తప్పయినదని యంటిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప "తెల్వక ఇచ్చినవు గదమ్మా. తెల్సినంక ఇయ్యకు" అన్నది. ఆ మాటకంటె గట్టి తీర్పు మేమెన్నడును వినలేదు.

బఱ్ఱెకు పెట్టినను ఆ విషము అక్కడ ఆగదు. మేతలో పోయినది రూపుమాఱి ఒకటి రెండు దినములలోనే పాలలోనికి వచ్చును. ఆ పాలు మరల మన పిల్లల గ్లాసులోనికే వచ్చును. కావున బూజు సోకిన మక్కలనన్నిటిని, ముక్కునకు తడిబట్ట కట్టుకొని, బావికి దూరముగా లోతైన గొయ్యి త్రవ్వి పూడ్పించితిమి. పైవరుసనుండి మంచివి ఏరుకొందమా యని ఆశ కలిగినది. కాని రాశియంతయు కలిసిపోయియుండుటచేత ధైర్యము చాలలేదు. అత్తగారు ఆనాడు భోజనము చేయలేదు. ఆ యేడు మక్కలు కొనుక్కొని తింటిమి. బడిపంతులు జీతమున నది చిన్న ఖర్చు కాదు.

ఇప్పుడు మన చేతిలోని పని చెప్పెదము. ఎండ మనకు చేయు గొప్ప మేలు బూజును కాల్చుట కాదు, తేమను తీయుట. తేమ లేనిచోట బూజు బీజమున్నను మొలవదు. గింజలో నూటికి పండ్రెండు పదుమూడు పాళ్లకు మించి తేమ లేకున్నచో మక్కలు నెలలతరబడి నిలుచును. వడ్లకు పదునాలుగువఱకు చెల్లును. మన గ్రామములలో మహిళాసంఘములవారు నడుపు కొనుగోలు కేంద్రములలో వడ్లకు 17, మక్కలకు 14 పాళ్లవఱకు తేమ నంగీకరింతురు. అది కొనుటకు పెట్టిన హద్దు. ఇంట దాచుటకు అంతకంటె ఎండవలెను. అచ్చటనున్న తేమ కొలుచు యంత్రములో మన గింజను పిడికెడు పోసి చూడుమని అడుగుటకు సంకోచింపకుడు.

యంత్రము దొరకనిచో ఉప్పుపరీక్ష కలదు. బాగుగా నెండిన గాజుసీసాలో మూడవ వంతు గింజలు పోసి, వేయించి ఆఱబెట్టిన మెత్తనియుప్పు రెండు మూడు చెంచాలు వేసి, మూత బిగించి రెండు నిమిషములు కుదుపవలెను. తరువాత పావుగంట కదల్పక యుంచవలెను. ఉప్పు సీసా గోడలకు అంటుకొనినచో తేమ నూటికి పదునైదుకు మించియున్నదని తెలియవలెను, మరల ఎండబెట్టవలెను. అంటుకొననంత మాత్రమున పని ముగిసినదని యెంచక, ఇంకొక రెండు మంచి యెండలు పెట్టుట మేలు.

ఎండబెట్టునప్పుడు వట్టినేలమీద పోయరాదు. క్రింద పరదా పఱచి రెండంగుళములకు మించని పలుచని పొరగా నెఱపి, గంటకొకమాఱు కాలితోనో పలుగుమానుతోనో తిరుగవేయవలెను. ప్రొద్దు క్రుంకకముందే ప్రోగుచేసి కప్పవలెను. లేనిచో రాత్రి మంచును మరల త్రాగును. వేడిగానున్న గింజను బస్తాలో కుక్కరాదు. ఆఱిన పిమ్మటనే కట్టవలెను. వేడిగింజ బస్తాలో చెమర్చును, ఆ చెమటయే బూజునకు విత్తు. బస్తాలను గోడకు జానెడు దూరముగా, చెక్కలమీద నిలుపవలెను. వేపాకు పురుగును కొంత తఱుమును, తడిని తఱుమలేదు. వానలో చిక్కిన పంటను రాశిగా మూసియుంచుటకంటె, వసారాలోనైనను పలుచగా పఱచి విసనయంత్రపు గాలి తగులనిచ్చుట మేలని మేము డబ్బు పోసి నేర్చుకొంటిమి.

చివరిది, అన్నిటికంటె పాతదియునగు పని చేట. విఱిగిన గింజ, ముడుచుకొన్న గింజ, రంగు మాఱిన గింజ, పురుగు తొలిచిన గింజ, వీనియందే విషము హెచ్చుగా చేరును. మంచి వెలుతురులో కూర్చుండి వీనిని ఏరివేసినచో మిగిలినవానియందు ప్రమాదము చాల తగ్గును. గూటిలోని మసకవెలుగులో చేయు పని కాదది. నట్టనడుమ పగలు, వాకిట, కంటద్దములు గలవారు పెట్టుకొని చేయవలసిన పని. రాశియంతయు ముక్కువాసన వేయునప్పుడు మాత్రము ఏరుటవలన లాభము లేదు.

మన పటాన్‌చెరువున 1972లో నెలకొల్పిన అంతర్జాతీయ పరిశోధనా సంస్థవారు బూజును తట్టుకొను జొన్న రకములకై యేండ్లుగా కృషిచేయుచున్నారు. వెలుతురు యంత్రములును ఒకనాడు మన ఊరి బియ్యపుమిల్లులకు రావచ్చును. వచ్చినచో మంచిగింజను బూజు సోకకమునుపు కాపాడుటకు అవి ఉపకరించును. చెడినగింజను మంచిగింజగా మార్చు దీపము మాత్రము ఇంకను పుట్టలేదు.

ప్రశ్న వ్రాసిన సోదరికి మా ప్రత్యుత్తరము: అమ్మా, ఆ దీపము కొనవలదు. ఆ డబ్బుతో మంచి పరదా యొకటి కొనుము. ఇప్పటికే పచ్చపొడి పట్టిన మక్కలుండినచో వానిని నీవు తినకుము, పశువునకు పెట్టకుము, మఱియొకరి కొంగులో పోయకుము. పూడ్చునప్పుడు మనసు నొచ్చును, మాకును నొచ్చినది.

మా చిన్నవాని కన్నులు ఇప్పుడు బాగున్నవి. ఈ యేడు మక్కలు ఎండలో నున్నవి. మేమీ ఉత్తరము వ్రాయుచుండగా మా అత్తగారు గింజ యొకటి పంట కొఱికి చూచి, "టక్కుమన్నది, ఇగ ఎత్తుండ్రి" అని వాకిటినుండి కేక వేయుచున్నారు. లేచెదము.